సిక్స్టెన్‌కి ఇచ్చిన మాట

నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. అరవై ఏడో ఏట అక్షరాలు నేర్చుకున్నదాన్ని. ఈ కాస్త రాయడానికే పదకొండు రోజులు పట్టింది.

మన ఊరి లిబరల్ పార్టీ నూరేళ్ళ పుస్తకంలో మా ఆయన గురించి వేస్తున్నామని, అచ్చుకు ముందు ఆ పేజీ నాకు పంపారు. వేలు పెట్టి చదువుకున్నాను. ఎవెర్ట్ హెడ్‌స్ట్రాండ్ అడవిలో చెట్లు కొట్టే కూలీ కొడుకు, ప్రార్థనామందిరంలో పిల్లలకు పాఠాలు చెప్పాడు, జన్మలో మందు చుక్క ముట్టలేదు, ఊరి సభ నుంచి పార్లమెంటు దాకా వెళ్ళాడు అని రాశారు. అంతా నిజమే. ఫొటో కింద మాత్రం ‘మాట తప్పని మనిషి’ అని వేశారు. దాని గురించే ఈ ఉత్తరం.

చిన్నప్పుడు నాకూ మా చెల్లెలు ఎల్సీకీ చదువు అంటలేదు. అక్షరాలు కాగితం మీద చీమల్లా కదిలిపోయేవి. నేను ఒక ఇంట్లో వంటపనికి కుదిరి తప్పించుకున్నాను. ఎల్సీని పదిహేనో ఏట మందబుద్ధి అని రాసి నది అవతల ఆశ్రమంలో వేశారు. ఇరవై ఆరేళ్ళు అక్కడ పరాయివాళ్ళ దుప్పట్లు ఉతికింది. అలా వేసినవాళ్ళందరినీ కొత్త డాక్టర్లు మళ్ళీ పరీక్షించాలన్నది ఎవెర్ట్ పట్టు. పన్నెండేళ్ళలో నాలుగుసార్లు ఆ తీర్మానం పెట్టాడు. నాలుగుసార్లూ ఓడిపోయాడు.

1974లో పార్లమెంటులో మా వైపు నూట డెబ్భై ఐదుగురు, అవతలి వైపు నూట డెబ్భై ఐదుగురు. ఓట్లు సమానమైతే పెట్టెలోంచి చీటీ తీసేవాళ్ళు. అందుకే జత పద్ధతిని అందరూ ప్రాణంలా చూసుకునేవారు. ఇటువాడు జబ్బుపడితే అటువాడొకడు ఓటు వేయకుండా బయట ఉంటాడు. మాట మీద నడిచే పని. ఎవెర్ట్ జత సిక్స్టెన్ బ్యూర్‌మన్, కాగితం మిల్లు కార్మికుడు, సోషల్ డెమొక్రాట్. ఇద్దరూ మా జిల్లావాళ్ళే. ఒకే రైలు పెట్టెలో ఎక్కి స్టాక్‌హోమ్ వచ్చేదాకా పోట్లాడుకునేవాళ్ళు.

ఆ నవంబరులో, స్టాక్‌హోమ్‌లో పార్లమెంటుకు దగ్గరే మేం అద్దెకున్న ఇంట్లో, ఎవెర్ట్‌కు గుండె నొప్పి వచ్చింది. మంచం దిగొద్దన్నారు. ఐదోసారి పెట్టిన తీర్మానం మీద ఓటింగ్ బుధవారం. సిక్స్టెన్ ఫోన్ చేశాడు. “నువ్వు పడుకో. నేను బయట ఉంటా.” ఎవెర్ట్ సరేనన్నాడు. ఆ మాట నా ఎదుటే ఇచ్చాడు.

బుధవారం మధ్యాహ్నం చూస్తే మంచం మీద కూర్చుని టై కట్టుకుంటున్నాడు.

“ఎక్కడికి?” అన్నాను.

“ఎక్కడికీ లేదు. ఊరికే కట్టుకున్నా.” ముడి బిగించుకుంటూ అన్నాడు, “నేను లేకపోతే నూట డెబ్భై నాలుగు, నూట డెబ్భై నాలుగు. చీటీ తీస్తారు. ఎల్సీ బతుకు చీటీలో తేలాలి, గున్‌వోర్.”

అప్పుడే వీధి తలుపు గంట మోగింది. కిటికీలోంచి సిక్స్టెన్ టోపీ కనిపించింది. రోగిని చూడ్డానికి వచ్చాడు.

“నేను వంటింట్లో కూర్చోబెడతాను. నువ్వు బూట్లు చేత పట్టుకుని దిగిపో” అన్నాను. ఆ మాట నాది. ఆయనది కాదు. ఆయన నా మొహంలోకి చూసి తల దించుకున్నాడు.

సిక్స్టెన్ నారింజ పళ్ళ సంచి బల్ల మీద పెట్టాడు. “ఏడీ మన పాలు తాగే వీరుడు?”

“ఇప్పుడే కన్నంటింది. లేపకు.”

“లేపను. నిద్రలోనైనా ప్రసంగం ఆపాడా?”

వంటింటి తలుపు మూసి పంపు తిప్పాను. గిన్నెలు చప్పుడయ్యేలా కడిగాను.

“ఆ పంపు కట్టెయ్యమ్మా, నది ఎండిపోతుంది.” దాల్చినచెక్క రొట్టె కాఫీలో ముంచుకుంటూ నెమ్మదిగా అన్నాడు, “నిజం చెప్పనా? ఇవాళ బయట ఉండటం నాకు హాయిగా ఉంది. మీ ఎల్సీ విషయంలో మావాళ్ళు వద్దంటున్నారు. చెయ్యెత్తి వద్దనడానికి నాకు మనసొప్పలేదు.”

ఆ మాట విన్నాక కూడా రెండో కప్పు పోశాను. మూడోది కూడా పోశాను.

మూడు దాటాక లేచాడు. “ఓటింగ్ అయిపోయుంటుంది. ఒకసారి మొహం చూసి పోతా.” పడకగది తలుపు తీశాడు. పక్క మీద అరచెయ్యి వేసి చూశాడు. చల్లగా ఉంది. తర్వాత టోపీ పెట్టుకుని, “కాఫీ బాగుందమ్మా” అని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఏనాడూ మాతో మాట్లాడలేదు.

తీర్మానం నూట డెబ్భై ఐదు, నూట డెబ్భై నాలుగుతో నెగ్గింది. నెగ్గించినవాడికి సొంత పార్టీవాళ్ళే చెయ్యి కలపలేదు. ఇకమీద మావాళ్ళ మాట ఎవరు నమ్ముతారన్నారు. తర్వాతి ఎన్నికల జాబితాలో ఎవెర్ట్ పేరు లేదు. మీ పేజీలో ‘ఆరోగ్య కారణాల వల్ల’ అని ఉంది.

సిక్స్టెన్ పేరు కూడా వాళ్ళ జాబితాలో లేదు. ఓటింగప్పుడు ఎక్కడున్నావని వాళ్ళవాళ్ళడిగితే, ఎవెర్ట్ ఇంట్లో కాఫీ తాగుతున్నానని ఉన్నదున్నట్టు చెప్పాడట. మళ్ళీ మిల్లులో చేరాడు. గేటు దగ్గర కుర్రాళ్ళు, “ఎన్ని కప్పులకు అమ్ముడుపోయావు, తాతా?” అనేవాళ్ళు. రెండేళ్ళ తర్వాత ఏప్రిల్‌లో చేపలకని నది మంచు మీదికి వెళ్ళి మునిగిపోయాడు. ఏప్రిల్ మంచు సంగతి ఆయనకు తెలియనిది కాదు. అంత్యక్రియల రోజు ఎవెర్ట్ చర్చి గోడ బయటే నిలబడ్డాడు. మూడేళ్ళకు ఆయనా పోయాడు.

డాక్టర్లు వచ్చి ఎల్సీ బుద్ధికి లోటేమీ లేదని రాశారు. మా ఇంటికి తెచ్చుకున్నాను. తెరిచి ఉన్న తలుపు ముందు కూడా ఎవరైనా చెప్పేదాకా నిలబడేది. చనిపోయేదాకా అంతే. ఒక్కదాన్నీ తనంతట తాను దాటలేదు.

ఎల్సీ ఇంటికొచ్చినందుకు నాకు విచారం లేదు. కానీ ఆ ఫొటో కింది మాట ఎవెర్ట్‌ది కాదు. అది తీసేయండి. అదే మాట సిక్స్టెన్ పేరు కింద వేయండి. ఆయన మీ పార్టీవాడు కాకపోయినా సరే.

గున్‌వోర్ హెడ్‌స్ట్రాండ్, డెబ్భై తొమ్మిదేళ్ళు. ప్రస్తుతం హార్నోసాండ్‌లో, వృద్ధుల వసతిగృహం రెండో అంతస్తులో ఉంటున్నాను.