మాలకొండయ్య చలివేంద్రం

ఆ ఏడు మిరప బాగా పండింది. దేవుడి పేరు మీద ఏదైనా చేయాలని మాలకొండయ్యకు బుద్ధి పుట్టింది. కిందటేడు కోటిలింగం చలివేంద్రం పెట్టినందుకు ఊరు ఊరంతా మెచ్చుకోవడమే ఆ బుద్ధికి మూలమని ఆయన తనతో తానైనా ఒప్పుకోలేదు.

శ్రీరామనవమికి చిలకలూరిపేట రోడ్డు పక్కన తాటాకు పందిరి లేచింది. ఇసుకలో ఆరు కొత్త కుండలు కుదురుకున్నాయి. పనివాళ్లను చెయ్యి పెట్టనివ్వలేదు. సేవంటే సొంత చేతులతో చేయాలన్నాడు. ఊరు దూరంగా నిలబెట్టిన పల్లెవాళ్లు ఎడంగా ఉండి తాగేందుకు నిలువునా చీల్చిన వెదురుబద్ద కూడా కట్టాడు. అందరికీ నీళ్లిస్తున్నానని ఆ బద్దను చూసుకుని మరీ మురిసిపోయాడు.

అంతటితో ఆగినా బాగుండేది. నలుగురూ వింటుండగా చేతులు జోడించాడు.

"రామా! నా చేత్తో వందమంది తాగేదాకా నేను పచ్చి మంచినీళ్లు ముట్టను."

"వందమంది కావాలని రాముడు అడిగాడా?" అంది భార్య వెంకటేశ్వరమ్మ.

"నీకు తెలీదులే."

నిజానికి ఆయనకూ తెలియదు.

నీళ్లు వడగట్టడానికి, కుండల చుట్టూ తడిపి చుట్టడానికి ఆమె తన పాత తెల్లచీర చింపబోయింది. ఆయనకు చిన్నతనమనిపించింది.

"దేవుడి పనికి పాతచీరలేమిటే? కొట్లో గోనెలున్నాయి. ఈ ఏటివే, ఒక్కసారే వాడినవి."

"ఉతికారా?"

"దులిపాను. రెండుసార్లు."

"పోనీ ఒక గుక్క తాగి చూడండి."

"మొక్కు మరిచావా?"

పుట్టింది మొదలు మిరపకల్లంలో పెరిగిన ముక్కు ఆయనది. ఆ ఘాటు ఆయనకు మామూలు గాలితో సమానం.

మొదట కోటిలింగమే వచ్చాడు. సైకిలు దిగి, దోసిలి పట్టి, రెండు గుక్కలు మింగాడు. మూడోది బయటికే వచ్చింది. కళ్లు ఎర్రబడ్డాయి.

"ఒరేయ్ మాలకొండా! నీళ్లు పోస్తన్నావా, కారం నూరి పోస్తన్నావా?"

"కడుపుమంట ఉంటే అట్టాగే ఉంటదిలే" అన్నాడు మాలకొండయ్య.

"ఇప్పటిదాకా లేదురా. ఇప్పుడే మొదలయింది!"

అసూయ మనిషి చేత ఎంత నటన చేయిస్తుందోనని మాలకొండయ్య జాలిపడ్డాడు.

తర్వాత బస్సు ఆగింది. ఇరవైమంది దిగారు. 'ఒక్కసారే ఇరవై!' అనుకుని చెంబు ముంచాడు. ముందున్న ముగ్గురు దగ్గుతూ పక్కకు తప్పుకున్నారు. నాలుగో ఆయన ఎండకు తట్టుకోలేక ఆ నీళ్లతో మొహం కడుక్కుని, కళ్లు మూసుకుని గిరగిరా తిరిగాడు. "ఏం నీళ్లయ్యా ఇవి! మేం నీకేం ద్రోహం చేశాం?" అని ఒకావిడ నిలదీసింది. బస్సు వెళ్లిపోయింది. దానితోపాటే సంగతి కూడా రోడ్డంతా వెళ్లింది. ఇక ఎవర్ని పిలిచినా దూరం నుంచే దణ్ణం పెట్టి సాగిపోతున్నారు.

పొద్దు నడినెత్తికొచ్చింది. మాలకొండయ్య నాలుక అంగిటికి అతుక్కుంది. చుట్టూ ఆరు కుండల నీళ్లు. వందలో ఒక్కరైనా కడుపారా తాగలేదు. ఇంటికి పోదామంటే పరువు అడ్డం, తాగుదామంటే మొక్కు అడ్డం. కళ్లు బైర్లు కమ్మి పందిరి గుంజకు జారగిలబడ్డాడు.

అప్పుడే జిన్నింగు మిల్లుకు పత్తి తోలుకుపోతూ పల్లెలో ఉండే మరియదాసు బండి ఆపాడు. వెదురుబద్ద చివర దోసిలి పట్టాడు. మాలకొండయ్య గుంజ పట్టుకుని లేచి పోశాడు. మరియదాసు ఒక్క గుక్కకే ఆగి, కుండలకేసి చూశాడు.

"అయ్యా, ఇవి మిరపగోనెలు గదా?"

"దులిపాను..." అన్నాడు మాలకొండయ్య.

"మీరు తాగలేదా?"

"మొక్కు. వందమంది తాగేదాకా..."

"ఈ నీళ్లతోనా? అట్టయితే పైయేటి నవమికిగాని తాగరు మీరు!"

నవ్వుతూనే బండి కింద వేలాడుతున్న కుండ విప్పుకొచ్చాడు. పందిరి ముందు నిలబడ్డాడు.

"పల్లె బావి నీళ్లయ్యా. చేత్తో పొయ్యనా, ఈ బద్దలో పొయ్యనా?"

మాలకొండయ్య వెదురుబద్దకేసి చూశాడు. పొద్దున ఎంతో అందంగా కనబడింది. ఇప్పుడు చూడాలంటే సిగ్గేసింది. మొక్కు సంగతి రాముడితో తర్వాత మాట్లాడుకోవచ్చు. దోసిలి పట్టాడు.

"చేత్తోనే పొయ్యి నాయనా."

కడుపు నిండేదాకా తాగాడు. అన్నేళ్లుగా దూరం పెట్టిన నీళ్లు తన బావి నీళ్లలాగే చల్లగా ఉన్నాయి. ఇందులో దోషం ఎక్కడుందో ఎంత వెతికినా ఆయనకు దొరకలేదు.

సాయంత్రం వెంకటేశ్వరమ్మ అడిగింది. "ఎంతమందయ్యారు?"

"దాహం తీరింది ఒక్కడికే."

"పోన్లెండి, ఒక్కడికైనా! ఎవరు?"

"నాకే."

ఆమె కొంగులో దాచుకున్న మొహం ఎత్తకుండా చాలాసేపు నవ్వింది.

మర్నాడు మళ్లీ కొన్న ఆరు కొత్త కుండలకూ తెల్లచీర ముక్కలు చుట్టి ఉన్నాయి. వెదురుబద్ద ఇంటి పెరట్లో పొట్లపాదుకు ఊతమయింది. మిల్లు నుంచి తిరిగొస్తున్న మరియదాసు బండి కనబడగానే మాలకొండయ్య రోడ్డు మీదికి వెళ్లి, నిండు చెంబు చేతికే అందించాడు.

మరియదాసు చెంబు అందుకుని ముందు వాసన చూశాడు.