చేను లేని మనిషి కావలెను

మబ్బుల్లో ఉప్పు చల్లి వాన కురిపించే విమానం ఒకటి 2004లో మా వైపు వచ్చింది. ఉరవకొండ అవతల దానికోసం వేసిన రన్‌వే పక్కన, రేకుల గదిలో కూర్చుని పైలట్‌తో రేడియోలో మాట్లాడే పని నాది. నా పేరు కేశవులు. గుత్తిలో బట్టల అంగడి వాళ్ళబ్బాయిని. ఏదైనా చెడితే, ఎందుకు చెడిందో తెలిసేదాకా నాకు అన్నం సహించదు.

కరెంటు పోతే జనరేటర్ ఉంది. దాన్ని తిప్పడానికి చిన్నప్ప ఉన్నాడు. చిన్నప్ప లేకపోతే బసప్ప. ఒకరు కాకపోతే ఒకరుంటారని రిజిస్టర్లో నేనే రాసి, నేనే సంతకం పెట్టి మురిసిపోయాను.

ఆషాఢంలో ఒక పొద్దున మంచి వాన పడింది. మధ్యాహ్నం మళ్ళీ మబ్బు కమ్మితే విమానం లేచింది. మూడింటికి పెద్దగాలి వీచి కరెంటు పోయింది, రేడియో మూగబోయింది. చూస్తే రన్‌వే తూర్పు కొసన నీళ్ళు నిలిచి ఉన్నాయి. అక్కడ దిగితే విమానం పల్టీ కొడుతుంది. అందులో ఇద్దరు మనుషులున్నారు.

"చిన్నప్పా! బసప్పా!" అని గొంతు చించుకున్నాను. పలికే దిక్కు లేదు. ఇద్దర్నీ తిట్టుకుంటూ నేనే హ్యాండిల్ తిప్పాను. రెండుసార్లు అది వెనక్కి తన్ని మణికట్టు వాచింది. ఐదోసారికి ఇంజన్ అందుకుంది. తూర్పున దిగొద్దని నేను చెప్పేసరికి విమానం చాలా కిందికి వచ్చేసింది. మళ్ళీ లేచి, చుట్టు తిరిగి, పడమటి కొసన దిగింది. 

మర్నాడు ఇద్దరూ మోకాళ్ళదాకా ఎర్రమట్టితో వచ్చారు.

"యాడికి పోయినారప్పా? మనుషులు సచ్చిపోయేవాళ్ళు!"

"విత్తనం ఏసేకి పోయినాం సార్. ఒక పూట దాటితే నేలలో తేమ పోయి పదును ఆరిపోతాది" అన్నాడు చిన్నప్ప.

"ఆయప్ప పోతే నువ్వుండాల కదా బసప్పా?"

బసప్ప నన్ను వింతగా చూశాడు. "వాన ఆయప్ప చేన్లోనే పడిందా సార్? నాకూ చేను ఉండాది."

నా కోపం అక్కడే దిగిపోయింది. అంగడి వాణ్ణి, వానంటే బేరాల్లేని రోజు నాకు. ఏ వాన కోసం విమానాన్ని పైకి పంపానో, ఆ వానే ఇద్దర్నీ ఒక్కసారే లాక్కుపోతుందని తట్టనే లేదు.

మరుసటి ఏడు ఆ పనికి చేను లేని మనిషి కోసం చుట్టుపక్కల ఊళ్ళన్నీ వెతికాను. చివరికి ఈశ్వరప్ప దొరికాడు. వరసగా మూడు బోర్లు ఎండిపోయి, ఉన్న నాలుగెకరాలూ అమ్ముకున్నవాడు.

తొలి వాన పడిన రోజు ఊరు ఊరంతా చేలకు పరుగెత్తింది. ఈశ్వరప్ప జనరేటర్ దగ్గరినుంచి అడుగు కదల్లేదు. వాన వెలిశాక మాత్రం వంగి, గుప్పెడు మట్టి తీసి పిసికి చూశాడు.

"మంచి పదును ఉండాది సార్" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. ఈశ్వరప్ప చెయ్యి తుడుచుకుని, హ్యాండిల్ దగ్గరే కూర్చున్నాడు.