ఎదురు గోడ మీద అత్తగారు

ఆవిడ ఉద్యోగమున్నన్నాళ్ళూ ఆడపిల్లల బడిలో డ్రిల్లు టీచరుగా చేసింది. నోట్లో ఈల లేకపోయినా ఆవిడ గొంతు ఈల వేసినట్టే ఉండేది. నిటారుగా తప్ప ఇంకోలా నడవడం తెలియని ఆ మనిషి ఒకనాడు వాన తడి మీద జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషనయ్యాక కూతురు తన ఇంటికి తెచ్చుకుంది. కూతురిది ఆస్పత్రి ల్యాబ్‌లో ఉద్యోగం. పొద్దున వెళ్తే సాయంత్రానికి గాని రాదు. పగలంతా ఇంట్లో ఉండేది అల్లుడే. అతను బొమ్మలు వేస్తాడు.

అల్లుడి పని మీద ఆవిడకు మొదటినుంచీ అంత గురి లేదు. "కూర్చుని చేసేది కూడా ఒక పనేనా?" అని పెళ్ళికి ముందే కూతుర్ని అడిగింది. "నిలబడే వేస్తాడమ్మా" అని కూతురు చెప్తే, "అయితే కాస్త నయం" అంది.

ఇప్పుడు ఆవిడకు మంచినీళ్ళు అందించాలన్నా, మంచం మీంచి లేపి వాకర్ చేతికివ్వాలన్నా అతనే దిక్కు. ఇద్దరూ మొహమాటంతో చచ్చిపోయేవాళ్ళు. "మందు వేసుకున్నారా అత్తయ్యా?" "వేసుకున్నాను బాబూ." అక్కడితో మాటలు అయిపోయేవి. ఊరికే కూర్చోవడం చేతకాక అతను ఒకరోజు స్టూలు లాక్కుని, గది మూల కూర్చుని ఆవిడ బొమ్మ గీయడం మొదలుపెట్టాడు.

"గీసుకోండి. కదలకుండా ఉండమంటే మాత్రం నావల్ల కాదు" అంది ఆవిడ.

"కదలండి అత్తయ్యా. కదలని వాళ్ళని గీసి గీసి నాకూ విసుగొచ్చింది."

అలా మొదలైంది. తల దువ్వుకుంటున్న అత్త, ఫోన్‌లో పాత స్నేహితురాలిని కేకలేస్తున్న అత్త, నోరు తెరిచి నిద్రపోతున్న అత్త, మంచం మీద కాలు లేపుతూ పిల్లలకి చెప్పినట్టు తనకి తనే "ఎత్తూ... దించూ..." అని చెప్పుకుంటున్న అత్త. గీసిన కాగితాలు పట్టుకుని అతను మేడ మీదికి వెళ్ళేవాడు. అక్కడ అవి పెద్ద పెద్ద రంగుల బొమ్మలయ్యేవి. మెట్లెక్కొద్దని డాక్టరు చెప్పడంతో ఆవిడ వాటిని చూడనే లేదు.

కళ్ళద్దాల దుకాణానికీ కర్టెన్ల దుకాణానికీ మధ్య, ముందంతా అద్దంతో ఉండే గ్యాలరీ ఒకటుంది. దాన్ని నడిపే మేడమ్ ఒకసారి ఇంటికొచ్చి, మేడ మీది బొమ్మలన్నీ చూసింది. మళ్ళీ మొదటి నుంచీ చూసింది. "ఇవన్నీ కలిపి ఒక్కచోటే పెడదాం. మొత్తం హాలు మీకే" అంది. అప్పటిదాకా అతని బొమ్మలు నలుగురితో పాటు, ఏ మెట్ల పక్కనో, ఏ మూలనో వేలాడినవే. యాభైకి దగ్గరపడ్డాక సొంతంగా మొదటి ప్రదర్శన. భార్య అతని మెడ పట్టుకుని ఊపేసింది.

"అంటే నేను గోడెక్కుతున్నానన్న మాట" అంది అత్త.

"మీరే ఎక్కాలి అత్తయ్యా. నేనెక్కితే ఎవరు చూస్తారు?"

ఆవిడ నవ్వింది. నవ్వు కనబడకుండా ముఖం తిప్పుకుంది కూడా.

ప్రారంభం రోజున జనం ఉంటారు, వాకర్‌తో కష్టమని కూతురు తల్లిని ముందురోజే తీసుకొచ్చింది. గోడలు తెల్లగా మెరుస్తున్నాయి. మేడమ్ చేతిలో రసమట్టం పట్టుకుని, ప్రతి ఫ్రేము మీదా పెట్టి, ఏ చివర వంగిందో చూసి సరిచేస్తోంది. అత్త ఒక్కో బొమ్మ ముందూ ఆగింది. "నేనింత నోరు తెరుస్తానా?" అంది. "తెరుస్తావమ్మా, ఇంకా గురక వెయ్యలేదాయన" అంది కూతురు. ఫోన్ బొమ్మ చూసి, "అవతల దాని చెవి ఏమైపోయిందో పాపం" అని తనే నవ్వింది.

అప్పుడు వీధికి ఎదురుగా ఉన్న పెద్ద గోడ వైపు తిరిగింది.

ఆ బొమ్మలో ఆవిడ నేల మీద ఉంది. నడక కాస్త కుదుటపడ్డాక ఒక మధ్యాహ్నం స్నానాల గది గుమ్మం దగ్గర మళ్ళీ జారి పడింది. ఎముకలకేం కాలేదు కానీ అలా పడి, లేవలేక ఏడ్చింది. ఆ రోజు గురించి ఇంట్లో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడది మనిషంత ఎత్తున గోడ మీద ఉంది. చెదిరిన జుట్టు, ఓ పక్కకు దొర్లిన వాకర్, తడిసిన ముఖం.

ఆవిడ వాకర్ తిప్పుకుని బయటికి నడిచింది. కారు ఎక్కించడానికి అతను చెయ్యి అందిస్తే పట్టుకోలేదు.

"అల్లుడుగారూ" అంది. ఎప్పుడూ బాబూ అనే మనిషి. "నేను పడి ఏడుస్తుంటే మీరు చూస్తూ నిలబడ్డారన్న మాట. బొమ్మకి పనికొస్తుందని."

కారు వెళ్ళిపోయింది.

అతను లోపలికొచ్చి, "అది తీసేద్దాం మేడమ్" అన్నాడు.

"మీకు మతి ఉందా? వీధిలో పోయేవాళ్ళు లోపలికొచ్చేది దాన్ని చూసే. అది కావాలని ఒకాయన అప్పుడే అడిగి వెళ్ళాడు."

"ఆవిడని ఒక్క మాట అడిగి వెయ్యాల్సింది. అడగలేదు."

అతను ఫ్రేముని ఒక పక్క పట్టుకున్నాడు. మేడమ్ గొణుక్కుంటూనే రెండో పక్క పట్టుకుంది. ఇద్దరూ కలిసి దాన్ని దించి, వెనక గదిలో గోడ వైపు తిప్పి ఆనించారు. ఆ చోట వేరే బొమ్మ పెట్టడానికి మేడమ్‌కి చేతులు రాలేదు. మేకులు అలాగే ఉంచి, పైనున్న దీపం ఆర్పేసింది.

ప్రారంభానికి జనం బాగానే వచ్చారు. అమ్ముడుపోయిన బొమ్మల పక్కన ఎర్ర చుక్కలు వెలిశాయి. తల దువ్వుకుంటున్న అత్తని ఒక కొత్త జంట తమ భోజనాల గది కోసం కొనుక్కుంది. అందరూ అతని చేతులు ఊపుతూ మెచ్చుకుంటుంటే అతను ఖాళీ గోడ వైపే చూస్తూ ఉండిపోయాడు.

తర్వాత రెండు మూడు రోజులు ఇంట్లో అత్త అతన్ని పలకరించలేదు. మంచినీళ్ళు కూడా కూతురు వచ్చేదాకా ఆగి తాగేది. చివరికి కూతురే తల్లిని నిలదీసింది. "దించేశాడమ్మా. ఇంకేం చెయ్యమంటావు?"

"దించేశాడా?"

"నువ్వు కారెక్కిన కాసేపటికే."

ఆవిడ మంచం మీద లేచి కూర్చుంది. "సగంలో వచ్చేశాను. ఏదైనా సరే పూర్తిగా చూసి తిట్టాలి. రేపు తీసుకెళ్ళు" అంది.

మర్నాడు మధ్యాహ్నం గ్యాలరీ ఖాళీగా ఉంది. అతను బొమ్మ తెచ్చి గోడకి ఆనించి నేల మీదే పెట్టాడు. మేడమ్ కుర్చీ వేసింది. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ముందుకి వంగి చూసింది.

"ఇదేంటి, తలుపు గడియ ఎక్కడో ఆకాశంలో ఉంది? బకెట్టు అంచు నా ముఖానికి సమానంగా ఉంది. నిలబడి చూస్తే ఇలా కనిపించదే."

"కనిపించదు అత్తయ్యా."

"మరి?"

"మిమ్మల్ని లాగి లేపొద్దన్నారు డాక్టరు. ఏం చెయ్యాలో తెలియక మీ పక్కనే కూర్చున్నాను. ఫోన్ చేశాక మీ అమ్మాయి వచ్చేదాకా అక్కడే ఉన్నాం. మీరు ఏడుస్తున్నారని, వాలీబాల్‌లో ఎవరు ఎప్పుడు చోటు మారాలో చెప్పమని అడిగాను."

ఆవిడకు గుర్తొచ్చింది. ఏడుస్తూనే, తడి నేల మీద వేలితో గళ్ళు గీసి మరీ చెప్పింది. అతను తప్పు చెప్తే, "బుర్ర ఉందా నీకు" అని కసిరింది కూడా. బొమ్మలో కింది అంచున ఆ తడి గీతలు సన్నగా ఉన్నాయి. వాటి పక్కన ఒక మగవాడి పాదం, బొటనవేలికి నీలం రంగు అంటుకుని. మొన్న ఆవిడ చూపు తన ముఖం దాటి కిందికి దిగనేలేదు.

"ఆ కాలు నీదా?"

"నాదే."

"గోరు తీసుకోవచ్చు కదరా" అంది ఆవిడ. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ అతన్ని మీరు అనడమే తప్ప నువ్వు అనలేదు, ఆ వాలీబాల్ రోజు తప్పిస్తే. కూతురు కిటికీ వైపు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

"ముందే అడగాల్సింది అత్తయ్యా. తప్పు చేశాను."

"అవును, అడగాల్సింది. అడిగితే వద్దనేదాన్ని. అప్పుడు నువ్వు వేసేవాడివి కాదు." ఆవిడ ముక్కు చీదింది. "ఎక్కించు మళ్ళీ. కానీ అమ్మకానికి కాదు. నా ఏడుపు ఎవరింట్లోనో ఉండటం నాకిష్టం లేదు."

మేడమ్ అప్పటికే దీపం స్విచ్చు వేసింది.

ఆ తర్వాత ప్రదర్శన ఉన్నన్నాళ్ళూ ఆవిడ సాయంత్రం పూట వచ్చి కూర్చునేది. చూడ్డానికొచ్చిన వాళ్ళు బొమ్మనీ మనిషినీ మార్చి మార్చి చూసి తటపటాయిస్తుంటే, "నేనే. జారి పడ్డాను. ఆ కాలు మా అల్లుడిది" అని తనే చెప్పేది. అలాగే పడ్డ తమ తల్లుల గురించి, మామల గురించి వాళ్ళు చెప్పుకొచ్చేవాళ్ళు. ఒకావిడని అక్కడే కుర్చీలో కూర్చోబెట్టి, కాలు ఎలా ఎత్తాలో నేర్పించింది. భోజనాల గది కోసం కొన్న జంట మళ్ళీ వస్తే, "రోజూ మీరేం తింటున్నారో నేను చూస్తూ ఉంటాను, జాగ్రత్త" అని బెదిరించింది.

ఆఖరిరోజు బొమ్మలన్నీ దించారు. సామాను కట్టేవాళ్ళు బుడగల కవరు చుట్టి, టేపు వేస్తున్నారు. ఆవిడ వాకర్ మీద వాలి పక్కనే నిలబడి అజమాయిషీ చేసింది. "అలా పడేస్తే ఎలా నాయనా, ముఖం జాగ్రత్త, ముఖం" అంటూ, తన ముఖాలన్నిటినీ ఒక్కొక్కటిగా సాగనంపింది. అల్లుడు గోడలోంచి మేకులు పీకుతూ, మధ్యమధ్యలో ఆగి ఆవిడ మాటలు విన్నాడు.