తడితే వదిలెయ్యాలి

కనకమహాలక్ష్మి టీచరు నలభై తొమ్మిదో ఏట కుస్తీ నేర్చుకుంటోందంటే నాచారంలో ఆవిడ దగ్గర లెక్కలు చెప్పించుకున్న పిల్లలెవరూ నమ్మలేదు. మొదటి వారం ఆవిడే సగం నమ్మలేదు.

అంతటికీ కారణం ఒక దొంగ. ఆరు నెలల కిందట ఉప్పల్‌లో బస్సు దిగి చిల్కానగర్‌లోని ఇంటికి నడుస్తుంటే, ఎవడో వెనకనుంచి వచ్చి చేతిసంచి లాక్కుపోయాడు. సంచిలో ఉన్నవి దిద్దాల్సిన పరీక్ష పేపర్లు. తొమ్మిదో తరగతి పిల్లలు ఆ మహానుభావుడికి మనసులోనే దండాలు పెట్టుకున్నారు. టీచరు బాధ మాత్రం వేరు. నలభైమందిని ఒక్క కేకతో కూర్చోబెట్టే గొంతు ఆ రోజు పెగల్లేదు. గుడ్లప్పగించి నిలబడిపోయింది. అప్పట్నుంచి ఇరవై ఏళ్లుగా నడిచిన దారిలో ఒంటరిగా అడుగు వేయాలంటే గుండెదడ. ఆ దారి మళ్లీ తనది కావాలి. ఆవిడ కోరిక అంతే.

భర్త రామచంద్రరావు ఆ మర్నాటి నుంచే సాయంత్రం ఆరూ నలభైకల్లా స్కూటరేసుకుని బస్టాపులో హాజరు. ఇన్సూరెన్సు ఆఫీసులో ముప్పై ఏళ్లు పనిచేసి ఈమధ్యే రిటైరైన మనిషి. లోకంలో ఉన్న ప్రతి వస్తువూ ఎప్పుడో ఒకప్పుడు ఎవరి నెత్తిమీదో పడి తీరుతుందని ఆయన నమ్మకం.

"కిందపడేసి పట్టుకోవడమేనా నేర్పేది? రోడ్డు మీద పరుపు ఎవరు పరుస్తారు? నువ్వు ఒకడితో దొర్లుతుంటే రెండోవాడు పక్కన చిడతలు వాయిస్తాడా?" అనేవాడు.

ఆవిడ ఆ ప్రశ్నల్ని తు.చ. తప్పకుండా కోచ్ బాలరాజుకి అప్పజెప్పింది. చెంగిచెర్ల కుర్రాడు. నాచారంలో టైల్సు దుకాణం పైన రేకుల షెడ్డులో క్లాసు నడుపుతాడు.

"సార్ కరెక్టే అన్నడు టీచరమ్మా," అన్నాడు బాలరాజు. "ఇద్దరొస్తే ఉరుకుండ్రి. కత్తి కనవడితే సంచిచ్చి ఉరుకుండ్రి. ఉరకనియ్యకుండ గట్టిగ వట్టుకుండనుకో, గప్పుడు పనికొస్తది మనది."

ఆ క్లాసులో ఒక్కటే కఠినమైన నియమం. పట్టులో చిక్కినవాడు నొప్పి తట్టుకోలేక రెండుసార్లు తట్టాడా, అవతలివాళ్లు ఆ క్షణమే వదిలెయ్యాలి. ఆలోచించకూడదు. ఆపైన చెయ్యీ చెయ్యీ కలిపి, పిడికిలికి పిడికిలి తాకించాలి. టీచరు ఈ మర్యాదని ఎక్కాల్లా బట్టీ పట్టేసింది.

తేజేష్ అని సాఫ్ట్‌వేర్ కుర్రాడు మొదటి నెలంతా "సారీ ఆంటీ" అంటూనే ఆవిడ మీదెక్కి కూర్చున్నాడు. మూడో నెలలో ఒకరోజు వాడు కిందా, ఆవిడ పైనా. "తట్టాను ఆంటీ, తట్టాను!" అని మొత్తుకున్నాడు. ఆ సాయంత్రం బస్సులో సీటున్నా ఆవిడకి కూర్చోబుద్ధి కాలేదు. కడ్డీ పట్టుకుని తనలో తనే నవ్వుకుంటూ ఉప్పల్ దాకా నిలబడే వచ్చింది.

ఇలా ఉండగా ఒక గురువారం ఫోనొచ్చింది. "స్కూటర్ పంక్చరైంది. నువ్వు ఆటో ఎక్కు, నడవకు," అన్నాడు రామచంద్రరావు. టీచరు బస్టాపులో పది నిమిషాలు తటపటాయించింది. ఎన్నాళ్లిలా అనుకుని, సంచి అడ్డంగా భుజాన వేసుకుని నడక మొదలుపెట్టింది.

శాంతాబాయి అరటిపళ్ల బండి దాటిందో లేదో, వెనకనుంచి ఎవడో సంచి పట్టి గుంజాడు.

"వదలరా!"

ఆ కేకకి బండి దగ్గర బేరమాడుతున్నవాళ్లు పళ్లు వదిలేశారు. దొంగ మాత్రం వదల్లేదు. సంచి ఒంటికి అడ్డంగా ఉండటంతో ఇద్దరూ కలిసి దబ్బున పడ్డారు. ఆ తరవాత టీచరు చెయ్యాల్సినవన్నీ ఆవిడ కాళ్లూ చేతులే చేసుకుపోయాయి. కాళ్లు వాడి నడుము చుట్టూ బిగుసుకున్నాయి. వాడి కుడిచెయ్యి ఆవిడ రెండు చేతుల మధ్య మెలిపడింది.

"అమ్మా, ఇడువమ్మా! చెయ్యి ఇరుగుతది!"

టీచరు వదల్లేదు. జనం మూగారు. సాయానికి కాదు, వీడియోలకి. దొంగ ఊపిరాడక గింజుకుని, ఖాళీగా ఉన్న ఎడమచేత్తో ఆవిడ భుజాన్ని టపటపమని రెండుసార్లు కొట్టాడు.

అంతే. టీచరు తక్షణం వదిలేసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. లేచి కూర్చుని, వగరుస్తూ, అరచెయ్యి చాచింది. వాడు బిత్తరపోయి చెయ్యి కలిపాడు. పిడికిలి చూపించింది. వాడూ తాకించాడు. "మోచెయ్యి అలా వదిలెయ్యకూడదు నాయనా, ఒంటికి దగ్గరగా పెట్టుకోవాలి," అని సలహా కూడా ఇచ్చింది. వాడు ఆవిడనీ, జనాన్నీ ఒకసారి చూసి కాలికి బుద్ధి చెప్పాడు.

"అయ్యో టీచరమ్మా, దొరికిన దొంగను గట్లెట్ల ఇడిసిన్రు?" అంది శాంతాబాయి.

"తట్టాడు కదమ్మా!"

"తడితే?"

"వదిలెయ్యాలి. అది రూలు."

శాంతాబాయి రెండు క్షణాలు ఆలోచించింది. "గాడు గూడ మీ క్లాసేనా ఏంది?"

జనం గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా టీచరే నవ్వింది. కళ్లనీళ్లు తిరిగేదాకా నవ్వింది. అంతలో సందు చివరినుంచి రామచంద్రరావు ఒంటికాలి చెప్పుతో పరిగెత్తుకొచ్చాడు. జరిగింది విని నెత్తి పట్టుకున్నాడు.

"పట్టుకుని మరీ వదిలేశావా? ఇది ఆత్మరక్షణా, అతిథి మర్యాదా?"

"అరిచానండీ!" ఆవిడ ఆయన చొక్కా పట్టుకుని ఊపింది. "నా గొంతొచ్చింది. మీకు వినిపించిందా?"

"వినబట్టే కదా ఈ పరుగు."

సంచి భుజానే ఉంది. మోచెయ్యి దోక్కుపోయింది. ఆవిడకి మాత్రం అమాంతం ఎగరాలన్నంత సంతోషంగా ఉంది. "రేపట్నుంచి మీరు రానక్కర్లేదు. నా దారిన నేనే నడిచొస్తాను," అంది.

రామచంద్రరావు కళ్లజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే తుడిచాడు.

"అది కాదు కనకం," అన్నాడు చివరికి. "పొద్దున్నుంచీ నేను ఆ ఆరూ నలభై కోసమే కదా కూర్చునేది."

టీచరు నవ్వు ఆగిపోయింది. ఈ ఆరు నెలలూ ఆయన తన కోసమే వస్తున్నాడనుకుంది. రిటైరైన మనిషికి ఇల్లు ఎంత ఖాళీగా ఉంటుందో ఒక్కసారైనా అడగనందుకు ఆవిడకి సిగ్గేసింది.

"అయితే రండి," అంది ఆయన చేతిలోని కళ్లజోడు తీసుకుని తనే పెడుతూ. "స్కూటర్ మాత్రం వద్దు. నెమ్మదిగా కబుర్లు చెప్పుకుంటూ నడిచొద్దాం."

"ఈ దారిలోనా?" అన్నాడాయన భయంభయంగా.

"మీకేం ఫరవాలేదు. నేనుంటాగా."