ఎనిమిది గంటల చీకటి

గోడ గడియారంలో ఎనిమిదైంది. కిటికీ బయట మాత్రం చీకటే. దేశమంతటికీ ఒకటే టైము పెట్టిన మహానుభావులు తూర్పు కొసన ఉంటారు. వాళ్లకు ఎండెక్కే వేళకు పడమటి కొసనున్న మాకు ఇంకా దీపాలే. చలికాలంలో తొమ్మిదవుతుంటే గానీ తెల్లారదు.

అద్దకం మిల్లులో రంగులు సరిచూడటం నా పని. కొనేవాళ్లు పంపిన అసలు ముక్క పక్కన కొత్తగా అద్దిన ముక్క పెట్టి, రెండూ ఒకటేనని నేను సంతకం పెడితేనే బట్ట గేటు దాటుతుంది. అది ఉత్తరం కిటికీ దగ్గర, పగటి వెలుగులోనే చూడాలి. ట్యూబులైటు కింద రంగులు అబద్ధాలాడతాయి.

ఈ పని నేర్పింది మా పిన్ని. పోయిన చలికాలం పైవాళ్లు తొందరపెడితే ట్యూబులైటు కింద ఒకే ఒక్కసారి సంతకం పెట్టింది. బట్టంతా తిరిగొచ్చింది. 'కళ్లు మసకబారాయి' అని రాసి ఇంటికి పంపేశారు. ఇరవై ఏళ్లు రవ్వంత తేడా వదలని కళ్లను పట్టుకునా ఆ మాట! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

హెడ్డాఫీసు నుంచి వారం కిందట దిగిన మేనేజరు, లారీ స్టార్టు చేయించి మరీ నా గదికి వచ్చాడు.

"ఎనిమిదైందమ్మా, సంతకం పెట్టు."

"తెల్లారనివ్వండి సార్."

"హెడ్డాఫీసులో ఎప్పుడో తెల్లారింది."

"అయితే ఆ ఎండ కాస్త పార్సిలు చెయ్యమనండి."

ఆయన ముఖం కందగడ్డ చేసుకున్నాడు. 'ఎనిమిదైనా సంతకం పెట్టలేదు' అని అక్కడికక్కడే మెమో రాసి నా ముందు పడేశాడు.

"తీసుకున్నట్టు సంతకం పెట్టు. రేపట్నుంచి రానక్కర్లేదు."

నేను ఆ కాగితాన్ని కిటికీ గట్టు మీద పెట్టాను.

"దీని మీదైనా తెల్లారాకే పెడతాను. మీరూ కూర్చోండి."

పంతానికి కూర్చున్నాడు. తొమ్మిదికి పది నిమిషాలుండగా వెలుగొచ్చింది. ముక్కలు పక్కపక్కన పెట్టాను. ఇందాక ట్యూబులైటు కింద ఒకటిగా కనిపించిన రెండు నీలాల్లో ఒకటి ఆకుపచ్చకు తిరిగింది. ఆయన వంగి చూశాడు. నా చూపు ఆయన కాళ్ల మీద పడింది.

"సార్, పొద్దున లైటేసుకుని తయారయ్యారా?"

"అవును, ఏం?"

"మీ సాక్సులు చూసుకోండి."

ఒకటి నలుపు, ఒకటి ముదురు నీలం. కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాడు. లారీ ఆపేయమని బయటికి కేకేసి, మెమో కోసం చెయ్యి చాచాడు. నేనివ్వలేదు. పోయిన చలికాలం నాటి రిజిస్టరు తెరిచి ఆయన ముందు పెట్టాను. అందులో పిన్ని సంతకం, పక్కనే టైము, ఏడూ యాభై.

"ఈ సంతకం పెట్టినావిడ్ని కళ్లు మసకబారాయని పంపేశారు. ఆ వేళకు ఈ కిటికీలో ఏముంటుంది సార్?"

ఆయన ఆ టైమునూ కిటికీనీ మార్చి మార్చి చూశాడు. చివరికి "చీకటి" అన్నాడు.

"అదే రాయండి. తప్పు ఆవిడ కళ్లది కాదని రాయండి. మళ్లీ పనిలోకి రమ్మని రాయండి."

రాశాడు. నేను ఆ కాగితాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, వెలుగులో రెండుసార్లు చదువుకున్నాను. అప్పుడు మెమో ఆయన చేతిలో పెట్టాను.