ఎలుకల గదిలో పాము వాసన

క్రాంజి వైపు పొలాలు మొదలయ్యే చోట, రోడ్డుకు కాస్త లోపలగా ఆ పాముల కేంద్రం ఉంది. సింగపూర్‌లో ఇంట్లో పామును పెంచుకోవడం నేరం. అయినా పెంచేవాళ్ళు పెంచుతూనే ఉంటారు. బట్టల అలమారాలో, మంచం కింద, ప్లాస్టిక్ డబ్బాల్లో. పట్టుబడ్డవాటిలో కొన్ని ఈ కేంద్రానికి వస్తాయి. వచ్చినవాటికి తిండి కావాలి. ఆ తిండి పక్క గదిలోనే పుట్టి, పాలు తాగి, పెరుగుతుంది.

సీతారాములు పాముల వైపు. అతని భార్య రాజామణి ఎలుకల వైపు.

రెండు గదులకూ మధ్య ఒక గోడ, గోడలో ఒక చిన్న కిటికీ. పాముల దగ్గర పనిచేసేవాళ్ళకు నీలం చొక్కా, ఎలుకల దగ్గరివాళ్ళకు బూడిదరంగు చొక్కా. నీలం చొక్కా మనిషి ఎలుకల గదిలో అడుగు పెట్టకూడదు. వెళ్ళి తీరాలంటే స్నానం చేసి, చొక్కా మార్చుకుని వెళ్ళాలి. పిల్లల తల్లికి పాము వాసన తగిలితే బెదురుతుంది. పిల్లల్ని మోసుకుని పారిపోదామంటే డబ్బాలో దారి ఉండదు. అప్పుడు అది తన పిల్లల్ని తానే తినేస్తుంది.

ఆ రూలు సీతారాములుకు ఎప్పుడూ కష్టమనిపించలేదు. రోజూ ఉదయం రాజామణి కిటికీ తెరిచి ట్రే అందించేది. ఎక్కువ పాములు చచ్చినవే తింటాయి. ఇళ్ళల్లో బతికున్నవాటికి అలవాటుపడి వచ్చిన రెండు మూడింటికి మాత్రం, మెల్లగా ఆ అలవాటు మాన్పించేదాకా, బతికున్నవే ఇవ్వాలి. ఇచ్చి పక్కకు తిరగకూడదు. ఆకలి లేని పామును ఎలుకే కొరికేస్తుంది.

"బావా, ఈ మగది మా పొగరుబోతు. చెయ్యి జాగ్రత్త," అనేది రాజామణి. ట్రే అందుకునేటప్పుడు ఆమె చేతికంటిన చెక్కపొట్టు అతని చేతికి తగిలేది. ఆపైన కిటికీ మూసుకునేది. అంతే. దినమంతటిలో తనదంటూ ఉన్నది అదొక్క నిమిషం. ఇంటికి పోయాక వంట, బట్టలు, నిద్ర. తెల్లారకముందే మళ్ళీ జొహోర్ బారు నుంచి సింగపూర్‌కు వంతెన దాటడానికి లైన్లో నిలబడటం. ఇద్దరిదీ మలేషియాలో, పేరాక్‌లో ఒకే పామాయిల్ తోట. అతను ఆమె మేనత్త కొడుకు. తోట బళ్ళో ఒకే బెంచీ మీద చదువుకున్నవాళ్ళకు వేరే చెప్పుకోవలసింది ఏముంటుందని అతను అనుకునేవాడు.

వానలు మొదలయ్యే ముందు శ్యాంసుందర్ వచ్చాడు.

కరీంనగర్ కుర్రాడు. సైన్స్ పార్క్‌లో ఒక ల్యాబులో తెల్లెలుకల గది చూసేవాడట. అక్కడ పని అయిపోయింది. క్లెమెంటిలో ఇంకో ముగ్గురితో కలిసి గదిలో ఉంటాడు. కేంద్రంలో ఇంకా పర్మనెంట్ కాలేదు. అతనికి ఎలుక పట్టడం వచ్చు. తోక చివర పట్టి వేలాడదీయడు. తోక మొదట్లో రెండు వేళ్ళు ఆనించి, రెండో అరచెయ్యి పొట్ట కింద పెట్టి, పసిబిడ్డను తీసినట్టు తీస్తాడు. కిటికీలోంచి సీతారాములు అది చూశాడు. రాజామణి పట్టే తీరు కూడా అదే. ఆ పోలిక అతనికి నచ్చలేదు.

"ఆంటీ, గిది ఈనేతట్టుంది, వేరే డబ్బాల వెయ్యాల్నా?" అన్నాడు శ్యాంసుందర్ మొదటిరోజు.

"ఆంటీ ఏటి ఆంటీ? మార్కెట్లో కూరలమ్మే చీనా ముసలమ్మ కూడా ఆంటీయే. అక్కా అను," అంది రాజామణి.

"సరే అక్కా."

సీతారాములుకు ఆ మాట గోడ ఇవతల వినిపించింది. తనను ఆ కుర్రాడు అంకుల్ అనే పిలిచేవాడు. దాన్ని ఎవరూ దిద్దలేదు.

ఆ తర్వాత ట్రే అందించే చెయ్యి మారింది. "అక్క పిల్లల్ని చూస్తున్నది అంకుల్, నేనిస్త," అనేవాడు శ్యాంసుందర్ నవ్వుతూ. అతని మణికట్టుకు నల్లదారం. గోళ్ళు శుభ్రంగా ఉండేవి. సీతారాములు ట్రే తీసుకుని, ఎలుకలు ఎన్నున్నాయో చూడకుండానే తిరిగిపోయేవాడు.

గోడకు అవతలినుంచి మాటలు వచ్చేవి. మాటలు తెలిసేవి కావు, వాటి ఒరవడి తెలిసేది. ముందు కుర్రాడి గొంతు చిన్నగా, ప్రశ్నలా. తర్వాత రాజామణి గొంతు పొడుగ్గా, ఎక్కడా ఆగకుండా. ఆ గొంతు అంత పొడుగ్గా సాగడం అతను ఇంట్లో వినలేదు. మధ్యలో నవ్వు. సీతారాములు చిమ్మే పని ఉన్నా లేకపోయినా ఆ గోడ పక్కనే చిమ్మేవాడు. మందు కొట్టిన నేల మళ్ళీ మళ్ళీ కడిగేవాడు. గొట్టంలో నీళ్ళ చప్పుడుకు మాటలు మునిగిపోతే గొట్టం కట్టేసేవాడు.

"ఏటి బావా, ఈ మధ్య అన్నం సగం వదిలేస్తన్నావు?" అని ఒకరోజు ఆమె అడిగింది.

"ఏం లేదు."

ఆమె గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. రెండోసారి అడగలేదు. ఆ కుర్రాడైతే రెండోసారి కూడా అడిగించుకునేలా మాట్లాడి ఉండేవాడని అతనికి అనిపించింది. అలా అనిపించినందుకు ఇంకా మండింది.

ఆ రోజు ఉదయం వ్యాన్‌లో ఒక పెద్ద కొండచిలువ వచ్చింది. ఎవరో ఫ్లాట్‌లో స్నానాలగదిలో ఉంచి పెంచారట. పెట్టె బరువుగా ఉందని శ్యాంసుందర్ కూడా వచ్చి ఒక చెయ్యి వేశాడు. తర్వాత స్నానం చేసి, చొక్కా మార్చుకుని ఎలుకల గదిలోకి పోయాడు. పెట్టెలోంచి తీసేటప్పుడు పాము భయపడి సీతారాములు మీద కంపు నీళ్ళు చిమ్మింది. చొక్కా ముందరంతా తడిసింది. పాము బెదిరినప్పుడు వదిలే ఆ వాసన ఒకసారి పట్టిందంటే ఒక్క ఉతుకుకు వదలదు.

అతను కడుక్కోవడానికి పోతుండగా గోడ అవతల నవ్వు వినిపించింది. రాజామణి నవ్వు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, గొంతు తెరిచి నవ్విన నవ్వు.

అతను స్నానాలగది తలుపు దాకా వెళ్ళాడు. చెయ్యి తలుపు మీద పెట్టాడు. తర్వాత చుట్టూ తిరిగి, వాన చినుకుల్లో, ఎలుకల గది వెనక తలుపు తీసుకుని లోపలికి పోయాడు.

లోపల వెచ్చగా ఉంది. తల్లుల డబ్బాలున్న రాక్ వెనక చీకటిగా ఉంది. అతను దానికి ఆనుకుని నిలబడ్డాడు. తడిచొక్కా డబ్బాల జల్లెడ మూతలకు తగిలింది. సందులోంచి చూశాడు. రాజామణి బోర్లించిన బకెట్ మీద కూర్చుంది. శ్యాంసుందర్ నేల మీద గొంతుకూర్చుని నీళ్ళ సీసాలు కడుగుతున్నాడు. ఇద్దరి మధ్యా నాలుగు మూరల దూరం ఉంది. ఆ దూరం చూసి అతనికి ఊరట కలగాలి. కలగలేదు.

"మా నాన్న తోటలో గుడ్లగూబలకు పెట్టెలు కట్టేవాడు తమ్ముడూ. పామాయిల్ చెట్లకు ఎలుకలెక్కువ కదా, గుడ్లగూబలు తింటాయని. ఒకరోజు పెట్టెలో పిల్లలున్నాయో లేదో చూడమని నన్ను నిచ్చెనెక్కించాడు. తల పెట్టి చూద్దును కదా, తల్లి నా జడ పట్టుకుంది!"

"అమ్మో! గట్లెట్ల దిగినవ్ అక్కా?"

"దిగలేదు, పడ్డాను. మట్టలగుట్ట మీద పడ్డాను. నాన్న నన్ను లేపకుండా, గుడ్డు పగిలిందా లేదా అని అడిగాడు. నేను రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. మూడోరోజు ఒక ఈక తెచ్చిచ్చాడు..."

ఆమె మోచెయ్యి మీద చిన్న మచ్చ ఉంటుంది. పెళ్ళయినప్పటినుంచీ సీతారాములు దాన్ని చూస్తూనే ఉన్నాడు. వంటింట్లో కాలిన మచ్చ అనుకున్నాడు. ఇప్పుడామె చొక్కా చేతిని పైకి జరిపి, "ఇదిగో, ఇక్కడ," అని ఆ కుర్రాడికి చూపించింది.

అప్పుడే గదిలో చప్పుడు ఆగిపోయింది. చెక్కపొట్టు కదిలించే చప్పుడు, పళ్ళు కొరికే చప్పుడు, సీసాల మూతి నాకే చప్పుడు, అన్నీ. తల్లులన్నీ ముందుకాళ్ళెత్తి నిలబడి ముక్కులు ఆడిస్తున్నాయి. సీతారాములు చూశాడు. అదేమిటో అతనికి తెలుసు. తెలిసినా ఆమె మోచేతి మీదనుంచి కళ్ళు తిప్పుకోలేకపోయాడు.

"ఏటివి, ఒక్కసారే సద్దుమణిగినాయి?" అంది రాజామణి.

"వాన జోరయితది కావచ్చక్కా."

సీతారాములు వచ్చిన దారినే బయటికి పోయాడు.

మరుసటి ఉదయం కిటికీ తెరుచుకోలేదు. అవతల రాజామణి "అయ్యో, అయ్యో" అంటోంది. సీతారాములు కిటికీ తనే తోసి చూశాడు. వెనక రాక్‌లో దాదాపు అన్ని డబ్బాల్లోనూ పొట్టు ఎర్రబడి ఉంది. తల్లులు మూలలకు ఒదిగి కూర్చున్నాయి. అక్కడక్కడా మిగిలిన పిల్లలు, కళ్ళు తెరవనివి, వెంట్రుకలు రానివి, వేలి కణుపంత ఉన్నవి, విడివిడిగా పడి మెలికలు తిరుగుతున్నాయి.

సూపర్‌వైజర్ శర్మిల వచ్చింది. ఆమెదీ మలేషియా తెలుగు కుటుంబమే, మాటల్లో 'అలామక్', 'లా' అనే అక్కడి ఊతపదాలు దొర్లుతుంటాయి. తల పట్టుకుంది.

"అలామక్! ఇన్ని ఎలా పోయాయి? శ్యాం, నిన్న ఆ పైథాన్ పెట్టె నువ్వు పట్టుకున్నావు కదా. స్నానం చేసే లోపలికొచ్చావా?"

"చేసిన మేడం. చొక్కా కూడ మార్చిన."

"చేతులు? బూట్లు?"

"బూట్లు..." అతను కిందికి చూసుకున్నాడు. "బూట్లు కడిగిననే అనుకుంటున్న."

"అనుకుంటే ఎలా లా? చిన్న పాములకు వచ్చే నెలంతా ఏం పెట్టను? నువ్వింకా ప్రొబేషన్. పైవాళ్ళకు నేనేం చెప్పాలి? ఇలాగైతే నిన్ను ఉంచుకోలేను. పని పోతే ఈ దేశంలో ఉండనిచ్చే వర్క్ పాస్ కూడా పోతుంది, తెలుసు కదా?"

శ్యాంసుందర్ ముఖం పాలిపోయింది. సీతారాములు కిటికీ అవతల నిలబడి ఉన్నాడు. ఒక్కమాట మాట్లాడనవసరం లేదు. మాట్లాడకుండా ఉండటం అతనికి ఎప్పుడూ తేలికే. కాసేపు ఊరుకుంటే చాలు, కుర్రాడు పోతాడు. కిటికీ మళ్ళీ తనదవుతుంది. ఆ ఆలోచన తియ్యగా ఉంది. అతను దాన్ని నోట్లోనే ఉంచుకున్నాడు.

"అతను కాదు," అంది రాజామణి. "నేనే. నిన్న మధ్యాహ్నం బావకు టీ ఇచ్చొద్దామని అటెళ్ళాను. వచ్చి మార్చుకోలేదు."

"మీరా, అక్కా? ఇన్నేళ్ళు పనిచేసి మీరా?"

"మర్చిపోయాను. ఏం రాసుకుంటావో నా పేరున రాసుకో."

అంతా అబద్ధమని సీతారాములుకు తెలుసు. ఆమె నిన్న టీ తేలేదు. ఆమె ఎప్పుడూ మర్చిపోదు. పని పోయినా పరవాలేదని ఆ కుర్రాడి కోసం తన మీద వేసుకుంటోంది. లేక తనే వచ్చాడని తెలిసి తన కోసమా? ఆమె కిటికీ వైపు చూడటం లేదు. శ్యాంసుందర్ మాత్రం ఆమె వంకే చూస్తున్నాడు, కళ్ళల్లో నీళ్ళతో. ఆ చూపు సీతారాములు భరించలేకపోయాడు. నిజం చెప్పాలని కాదు. ఆ కుర్రాడు ఆమెకు అంత రుణపడటం అతనికి ఇష్టం లేకపోయింది.

"అది ఇటు రాలేదు. నేనే అటు వచ్చాను," అన్నాడు.

ముగ్గురూ కిటికీ వైపు తిరిగారు.

"మీరెందుకొచ్చారు మామా?" అంది శర్మిల. "రూలు మీకు తెలీదా? అందరికీ నేర్పింది మీరే కదా?"

అతను కిటికీ అంచు మీది చెక్కపొట్టు దులిపాడు.

"మాటలు వినపడ్డాయి."

"ఏం మాటలు?"

"గుడ్లగూబల మాటలు."

శర్మిలకు ఏమీ అర్థం కాలేదు. శ్యాంసుందర్‌కు ముందు అర్థమైంది. చెవులదాకా ఎర్రబడి, చేతిలో ఉన్న సీసాను అటూ ఇటూ తిప్పసాగాడు. శర్మిల అతని ముఖం చూసి, రాజామణి ముఖం చూసి, "ఐయో మామా! జెలసీ ఆ? ఈ వయసులో?" అంది. నవ్వబోయి ఆపుకుంది. "ఈ కుర్రాడికి వాళ్ళమ్మ రోజూ వీడియో కాల్ చేసి అన్నం తిన్నావా అని అడుగుతుంది లా!"

"అయిపోయిందా మీ పంచాయితీ?" అంది రాజామణి. "అయిపోతే అందరూ బయటికి నడవండి. తమ్ముడూ, ముందు వరస రాక్‌లో నెమ్మదైన తల్లుల్ని చూడు. ఆ మూడో డబ్బాది, పక్కది. వాటి పొట్టు కొంచెం తీసుకురా, ఈ పిల్లలకు రాయాలి, తమ వాసన ఉంటేనే అవి చేరదీస్తాయి. బావా, ఆ కిటికీ ముయ్యి. నీ వాసన ఇటు కొడతంది."

అతను కిటికీ మూశాడు.

శర్మిల అతన్ని ఆఫీసులో కూర్చోబెట్టి మందలించింది. పేరు మీద మచ్చ పడుతుందంది, వెనక తలుపుకు తాళం వేయిస్తానంది. అతను అన్నిటికీ తల ఊపాడు. ఏదీ సరిగ్గా వినలేదు. రోజంతా గోడ పక్కకు పోలేదు.

సాయంత్రం సరిహద్దు చెక్‌పోస్టులో లైను పొడుగ్గా ఉంది. ముందూ వెనకా మనుషులు, ఫోన్ల వెలుగులు. రాజామణి అతనికి ముందు నిలబడింది. అతను ఆమె జడ వంక చూస్తున్నాడు. గుడ్లగూబ పట్టుకున్న జడ.

"ఎవరి కోసం చెప్పావు?" అన్నాడు.

ఆమె వెనక్కి తిరగలేదు.

"ఏది?"

"నువ్వే చేశానని. అతని కోసమా, నా కోసమా?"

ఇప్పుడు తిరిగింది. అతన్ని కిందినుంచి పైదాకా చూసింది.

"రాక్ దగ్గరికెళ్ళగానే నీ వాసనని తెలిసింది నాకు. తిడదామనుకున్నాను. ఈలోగా శర్మిల వచ్చి పోలీసులా నిలబడింది. అవతల పిల్లలు చల్లబడిపోతన్నాయి. చిటికెలో చేర్చకపోతే ఒక్కటీ మిగలదు. ఎవరో ఒకరు నేనే అంటే ఆవిడ కదులుతుందని అన్నాను. మీ ఇద్దరూ నాకు గుర్తే లేరు."

లైను ముందుకు జరిగింది. వాళ్ళూ జరిగారు. ఆ జవాబుతో తేలికపడాలో, ఎలుకపిల్లల మీద కూడా కోపం తెచ్చుకోవాలో అతనికి తెలియలేదు.

"ఆ మచ్చ సంగతి," అన్నాడు, "నాకు చెప్పలేదు."

"నువ్వడగలేదు. ఆ అబ్బాయి అడుగుతాడు. ఊరికే అడుగుతాడు, ఏదో ఒకటి. 'అక్కా, మీ ఊళ్ళో ఎలుకల్ని ఏం చేసేవాళ్ళు?' అంటాడు. నేను చెప్తాను. అంతే బావా. దానికోసం పసికూనల్ని చంపించావు."

ఆ చివరి మాట దగ్గర ఆమె గొంతు గట్టిపడింది. ముందున్న మనిషి వెనక్కి చూశాడు. ఆమె మళ్ళీ ముందుకు తిరిగింది.

అతను ఏం అడగాలో వెతికాడు. తోట, బడి, పెళ్ళి, అన్నీ తనకు తెలిసినవే అనిపించాయి. ఏదీ తెలియదని కూడా అనిపించింది. లైను రెండుసార్లు జరిగాక నోరు తెరిచాడు.

"ఎన్ని బతికాయి?"

ఆమె సంచీ భుజం మార్చుకుంది. చెప్పదేమో అనుకున్నాడు.

"సగానికి తక్కువే," అంది చివరికి. "ఆ మచ్చల ఎలుక ఉంది చూడు, ఎవర్నీ దగ్గరికి రానివ్వనిది, అదే ఎక్కువ పిల్లల్ని చేరదీసింది. నోటితో పట్టుకుని కింద దాచుకుంది. శ్యాం అన్నాడూ, దానికి లెక్కలు రావక్కా, తనవెన్నో దానికే తెల్వది అని. శ్యామే దాని పొట్టు తెచ్చి పిల్లలకు రాశాడు. చెయ్యి తేలిక ఆ అబ్బాయిది..."

ఆ పేరు రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ సీతారాములు దవడ బిగుసుకుంది. అతను ఊపిరి పీల్చి వదిలాడు.

"తర్వాత?" అన్నాడు.