అచ్చులు లేని మాట

అక్కాచెల్లెళ్లది ఒకటే దుకాణం, ఒకటే కిటికీ. అక్క కళ్లజోళ్లకు అద్దాలు అరగదీసి బిగిస్తుంది, చెల్లెలు చేతిగడియారాలు బాగుచేస్తుంది. ఇద్దరికీ వెలుతురే పెట్టుబడి. అందుకే ఆర్నెల్లకోసారి ఒక సెలవు రోజున ఇంగ్లీషు అక్షరాల బిళ్లలతో మాటల ఆట ఆడతారు. గెలిచినవాళ్లకి కిటికీ బల్ల, ఓడినవాళ్లకి వెనక మూల, ట్యూబులైటు కింద.

ఆట నేర్పింది నాన్న, రూలు పెట్టిందీ ఆయనే. మాట పేర్చినవాళ్లు దాని అర్థమూ చెప్పాలి, ఏ భాష నుంచి ఇంగ్లీషులోకి వచ్చిపడిందో కూడా చెప్పాలి. ఎదుటివాళ్లు "నమ్మను" అంటేనే డిక్షనరీ తెరుస్తారు. చెప్పింది తప్పయితే బిళ్లలు వెనక్కి, నిజమైతే అనుమానించినవాళ్ల వంతు గోవిందా. ఆట ముగిశాక ఇక అనుమానం చెల్లదు. ఆయన పోయి పదేళ్లయినా రూలు చెక్కుచెదరలేదు.

చెల్లెలు వరసగా నాలుగు ఆటలు ఓడి రెండేళ్లుగా వెనక మూలనే ఉంది. కిందటి నెల ఆవగింజలో సగం లేని మరచీల ఒకటి జారిపడితే గంటసేపు నేలంతా పాకింది. బాగుచేసిన గడియారాలు వారం తిరక్కుండా వెనక్కొస్తున్నాయి. ఈసారీ ఓడితే చిన్న గడియారాల పని మానుకోవాల్సిందేనని తేల్చేసుకుంది.

అప్పుడే పాత వారపత్రికలో ఒక జాబితా కంటబడింది. ఇంగ్లీషు ఎక్కడెక్కడి నుంచో ఎత్తుకొచ్చుకున్న వింత మాటలు, పక్కన ఏ భాషవో ఉంది గాని అర్థాలు లేవు. అర్థాలదేముంది, తర్వాత చూసుకోవచ్చనుకుని అన్నీ బట్టీపట్టేసింది. తర్వాత అన్నది ఎప్పుడైనా వచ్చిందా?

ఆట రోజు రెండు 'ఎ'లు పక్కపక్కన పెట్టి, "హవాయి మాట, ఒక రకం చిలక" అంది. అక్క తల ఊపింది. డి, జడ్, ఓ పేర్చి, "టిబెట్ వాళ్ల డోలు" అంది. దానికీ ఊపింది. చివరికి చేతిలో అచ్చన్నది మచ్చుకైనా లేదు. సి, డబ్ల్యు, ఎమ్ పెట్టింది.

"దీనికి నోరెలా తిరుగుతుందే?" అంది అక్క.

"వెల్ష్ మాట. చేప."

అక్క ఆమె మొహంలోకి చూసింది. "నమ్ముతున్నాలే" అంది.

ఆ మాటతోనే చెల్లెలు గెలిచింది. కిటికీ బల్ల మీద పని నల్లేరు మీద బండిలా సాగింది. కానీ అచ్చుల్లేని ఆ మాట బుర్ర తొలిచేస్తోంది. నిజంగా అదేమిటి? అచ్చుల్లేకుండా ఆ జనం దేన్ని పిలుచుకుంటారు? పదోరోజు ఆగలేక డిక్షనరీ దించింది.

కొండ ఒడిలో గిన్నెలా గుంటపడిన లోయ అట.

ఎంత బావుంది అనుకుంటూ నీలం పెన్సిల్ తీసింది. చూసిన మాట పక్కన టిక్కూ తేదీ పెట్టడం ఆ ఇంటి అలవాటు. చెల్లెలిది నీలం, అక్కది ఎరుపు. పెట్టబోయి ఆగిపోయింది. అక్కడ అప్పటికే ఎర్ర టిక్కు ఉంది, మూడేళ్ల కిందటి తేదీతో.

తేలు కుట్టిన దొంగలా అయింది ఆమె పని. సిగ్గేసింది. ఇక దాచబుద్ధి కాలేదు. పట్టకార్లూ భూతద్దమూ డబ్బాలో సర్దుకుని వెనక మూలకి నడిచింది.

"అది చేప కాదక్కా. నీకు ముందే తెలుసు. లే, కిటికీ నీదే."

అక్క అద్దం అరగదీయడం ఆపలేదు. "ఆట ముగిశాక అనుమానం చెల్లదు. నాన్న రూలు."

"మరి అప్పుడే నమ్మననొచ్చుగా?"

"నువ్వు ఆ మరచీల కోసం మోకాళ్ల మీద పాకుతుంటే చూడలేకపోయానే. ఊరికే ఇస్తే తీసుకునే రకమా నువ్వు?"

అక్క మీద ఇంత ప్రేముందని చెల్లెలికే అంతవరకూ తెలీదు. డబ్బా కింద పెట్టి అడిగింది.

"ఆ రోజు ఇంకెన్ని నమ్మావు?"

"డిక్షనరీ ఉందిగా, చూసుకో."

చెల్లెలు మొదటి పేజీ తిప్పింది. తను చిలక అన్న మాట అక్కడే ఉంది. చల్లారి గరుకుతేలిన లావా అట. పక్కనే ఎర్ర టిక్కు.